కంపెనీ సొమ్ము అడిగే ముందు: సీఎస్‌ఆర్‌పై పాఠకుల ప్రశ్నలు

స్వచ్ఛంద సంస్థలు నడుపుతున్న పాఠకులు సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) నిధుల గురించి రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. దాదాపు అందరిదీ ఒకే ఫిర్యాదు: ‘చేసేది మంచి పనే, కంపెనీలు మాత్రం పలకడం లేదు.’ కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం కంపెనీ పెట్టి తీరాల్సిన ఖర్చు ఇది. సరిగ్గా పెట్టకపోతే కంపెనీకే జరిమానా. మీ దరఖాస్తు చదివే ఉద్యోగి దాన్ని రేపు బోర్డు ముందు, ఎల్లుండి ఆడిటర్ ముందు పెట్టాలి. ఆ ఇద్దరూ ఏం అడుగుతారో తెలుసుకుని రాసిన దరఖాస్తే ముందుకు కదులుతుంది.

మా సొసైటీ రిజిస్టరై ఏడాదిన్నర అయింది. 12ఏ, 80జీ రెండూ వచ్చాయి. కంపెనీలకు దరఖాస్తు పెట్టుకోవచ్చా? (మార్కాపురం నుంచి ఒక పాఠకుడు)

పెట్టుకోవచ్చు గానీ, సీఎస్‌ఆర్ పద్దు కింద మీకు నేరుగా ఇవ్వడం కంపెనీకి కుదరదు. కంపెనీ తరఫున పని చేసే సంస్థ రిజిస్టర్డ్ సొసైటీ గానీ, రిజిస్టర్డ్ పబ్లిక్ ట్రస్టు గానీ, సెక్షన్ 8 (లాభాపేక్ష లేని) కంపెనీ గానీ అయి ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) ఉండాలి. కంపెనీయో ప్రభుత్వమో పెట్టిన సంస్థ కాకపోతే, అదే తరహా పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపించాలి. వీటన్నిటితో కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో సీఎస్‌ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేని సంస్థకు కంపెనీలు ప్రాజెక్టు అప్పగించడం లేదు.

‘మూడేళ్లు’ అనగానే రిజిస్ట్రేషన్ తేదీ ఒక్కటే చూసుకునేవాళ్లు చాలామంది. నిబంధన అడిగేది పనిలో అనుభవం. మూడేళ్ల ఆడిట్ నివేదికల్లో ఆ పని మీద ఖర్చు కనిపించాలి. అయిదేళ్ల కిందట రిజిస్టరై, ఖాతాలో ఏటా రెండు వేల బ్యాంకు వడ్డీ తప్ప ఇంకేమీ లేని సంస్థ ఈ పరీక్ష దాటదు.

మిగిలిన ఏడాదిన్నరలో చేయదగినవి మూడు. మొదటిది, చిన్నదైనా సరే ఏటా అదే పని చేసి, బిల్లులతో ఆడిట్ చేయించండి. రెండోది, మీ ప్రాంతంలో ఇప్పటికే సీఎస్‌ఆర్ నంబరున్న పెద్ద సంస్థతో కలిసి క్షేత్రస్థాయి పని చేయండి. మీ వాటా పని ఏమిటో రాతపూర్వకంగా ఉంచుకుంటే, రేపు అదే మీ అనుభవానికి రుజువు. మూడోది, చట్టం పరిధిలోకి రాని చిన్న కంపెనీలను, రైస్‌మిల్లర్లను, గ్రానైట్ యజమానులను మామూలు విరాళం అడగండి. వాళ్లకు సీఎస్‌ఆర్-1తో పని లేదు, 80జీ రశీదు చాలు. మార్కాపురం లాంటి చోట పలకల పరిశ్రమ, గ్రానైట్ వాళ్లు చేతికందే దూరంలోనే ఉంటారు కదా.

సీఎస్‌ఆర్-1 నింపితే తిరిగి వచ్చింది. ఆడిటర్ ‘పేరు కలవలేదు’ అంటున్నారు. ఏం చేయాలి? (సిద్దిపేట)

అందరికీ తగిలే చిక్కే. సొసైటీ సర్టిఫికెట్ మీద ‘శ్రీ’ ఉంటుంది, పాన్ కార్డులో ఉండదు. ఒకచోట ‘సేవా సంఘం’, ఇంకోచోట ‘సేవా సంగం’. పాన్ మీద ఉన్న పేరు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీది పేరు, 12ఏ, 80జీ ఉత్తర్వుల్లోని పేరు, బ్యాంకు ఖాతా పేరు, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ దర్పణ్ పోర్టల్‌లోని పేరు, ఈ అయిదూ అక్షరం తేడా లేకుండా ఒక్కటిగా ఉండాలి. తేడా ఉంటే ముందు పాన్ సవరించుకోండి, ఆ తర్వాతే మిగతావి. తలకిందులుగా చేస్తే రెండుసార్లు తిరగాల్సి వస్తుంది.

ఫారంలో సంతకం చేసే అధ్యక్షుడికో కార్యదర్శికో డిజిటల్ సంతకం ఉండాలి. దానికి తోడు ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్ గానీ, కంపెనీ సెక్రటరీ గానీ, కాస్ట్ అకౌంటెంట్ గానీ ధ్రువీకరించాలి. ఇంకో సంగతి: కార్యవర్గం మారినా రిజిస్ట్రార్ దగ్గర కొత్త జాబితా వేయని సొసైటీలు మన రెండు రాష్ట్రాల్లోనూ కొల్లలు. పాత జాబితాలోని కార్యదర్శి చనిపోయి ఉంటారు, లేదా ఊరొదిలి వెళ్లి ఉంటారు. కంపెనీ వాళ్లు రిజిస్ట్రార్ ముద్ర ఉన్న తాజా జాబితా అడిగినప్పుడు ఆ లోటు బయటపడుతుంది. దరఖాస్తుకు ముందే దాన్ని సరిచేసుకోండి.

12ఏ, 80జీలకు ఇప్పుడు గడువు ఉంటుందని కూడా మరిచిపోకండి. తాత్కాలిక రిజిస్ట్రేషన్‌కు మూడేళ్లు, పూర్తి రిజిస్ట్రేషన్‌కు మామూలుగా అయిదేళ్లు. ప్రాజెక్టు మధ్యలో గడువు తీరే సర్టిఫికెట్ చూస్తే కంపెనీ న్యాయ విభాగం ఫైలు ఆపుతుంది. కొత్త ఆదాయపు పన్ను చట్టంతో సెక్షన్ నంబర్లు మారినా కంపెనీల ఫారాల్లో, అందరి నోళ్లలో ఇంకా పాత పేర్లే నడుస్తున్నాయి కాబట్టి ఇక్కడ వాటినే వాడాం.

ఏ కంపెనీని అడగాలో ఎలా తెలుస్తుంది? వంద కంపెనీలకు ఒకే ఉత్తరం పంపాం, ఒక్క జవాబూ లేదు. (గుంటూరు)

వంద ఉత్తరాలు పంపడమే అసలు లోపం. ఎనిమిది కంపెనీలను ఎంచి, ఒక్కొక్కదానికి విడిగా రాయండి.

ముందు చట్టం ఎవరికి వర్తిస్తుందో చూడండి. గత ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా కంపెనీ సీఎస్‌ఆర్ పరిధిలోకి వస్తుంది. అప్పుడు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి.

ఈ 2 శాతం లెక్క మీరే వేయండి. ఒక కంపెనీకి మూడేళ్ల లాభం 6, 8, 10 కోట్లు అనుకుందాం. సగటు 8 కోట్లు, అందులో 2 శాతం అంటే 16 లక్షలు. ఏడాది మొత్తానికి వాళ్ల దగ్గరున్న సీఎస్‌ఆర్ సొమ్మే అంత. అలాంటి కంపెనీకి 40 లక్షల ప్రతిపాదన పంపితే, చదివిన మనిషి మిమ్మల్ని హోంవర్కు చేయని సంస్థగా లెక్కగడతాడు. 3 లక్షలు అడగండి. అలాగే, ఏడాదికి 50 లక్షల లోపు ఖర్చు పెట్టాల్సిన కంపెనీకి ప్రత్యేక సీఎస్‌ఆర్ కమిటీ అక్కర్లేదు, బోర్డే నిర్ణయిస్తుంది. అక్కడ సీఎస్‌ఆర్ విభాగాన్ని వెతికి లాభం లేదు. కంపెనీ సెక్రటరీకో, ఫైనాన్స్ అధిపతికో నేరుగా రాయండి.

ఏ కంపెనీ ఏ జిల్లాలో, ఏ రంగంలో, ఎంత పెట్టిందో కార్పొరేట్ వ్యవహారాల శాఖ వారి జాతీయ సీఎస్‌ఆర్ పోర్టల్‌లో చూడొచ్చు. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో సీఎస్‌ఆర్ విధానం, కమిటీ సభ్యులు, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులు పెట్టాలని నిబంధన ఉంది. మూడేళ్ల జాబితా చదివితే వాళ్ల మనసు అర్థమవుతుంది: బడులకే ఇచ్చేవాళ్లు బడులకే ఇస్తారు, ఫ్యాక్టరీ చుట్టూ పది ఊళ్లు దాటనివాళ్లు దాటరు. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతుంది. అది కచ్చితమైన నిర్బంధం కాదని శాఖ వివరణ ఇచ్చినా, ఆచరణలో విశాఖ రిఫైనరీ సొమ్ము విశాఖ చుట్టూనే ఎక్కువ తిరుగుతుంది.

కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు అదనంగా ప్రభుత్వ సంస్థల విభాగం మార్గదర్శకాలు ఉన్నాయి. ఆకాంక్షిత జిల్లాలకు (అభివృద్ధిలో వెనకబడ్డాయని కేంద్రం ఎంచినవి) వాళ్లు ప్రాధాన్యం ఇస్తారు. తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్, జయశంకర్ భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం, ఆంధ్రప్రదేశ్‌లో అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం, వైఎస్సార్ కడప ఆ జాబితాలోవి. మీరు గుంటూరులో ఉన్నా పని ఆ జిల్లాల్లో జరుగుతుంటే మొదటి పేరాలోనే చెప్పండి.

ఇక సమయం. కమిటీ ఏటా ఒక వార్షిక కార్యాచరణ ప్రణాళిక తయారుచేసి బోర్డుకు పంపుతుంది. చాలా కంపెనీల్లో ఆ పని జనవరి నుంచి జూన్ మధ్య సాగుతుంది. అక్టోబరులో వెళ్లిన కొత్త ప్రతిపాదన, ఎంత బాగున్నా, మరుసటి ఏడాది దస్త్రంలోకి పోతుంది. ఫిబ్రవరిలో మిగిలిపోయిన సొమ్ము కోసం హడావుడిగా ఫోన్ చేసే కంపెనీలూ ఉంటాయి. వాటి సంగతి చివర్లో చెబుతాం.

మాది మహిళలకు కుట్టు శిక్షణ. ‘మొత్తం 6 లక్షలు, నిర్వహణ ఖర్చు 10 శాతం’ అని రాశాం. నిర్వహణ ఖర్చు ఇవ్వడం కుదరదన్నారు. ఆఫీసు లేకుండా పని ఎలా జరుగుతుంది? చట్టంలో 5 శాతం ఉందట కదా? (వనపర్తి)

ఆ 5 శాతం మీది కాదు. కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే పరిపాలన ఖర్చుకు అది గరిష్ఠ పరిమితి. అమలు చేసే సంస్థ సాధారణ నిర్వహణ ఖర్చును ఆ పద్దులో చూపించుకోవడానికి వీల్లేదని 2021 ఆగస్టులో శాఖ ఇచ్చిన వివరణలో స్పష్టంగా ఉంది. ‘నిర్వహణ 10 శాతం’ అనే ముద్ద వరుస చూడగానే ఆడిటర్ ఎర్ర సిరా పెడతాడు. మీరు చేయాల్సింది ఆ ఖర్చును దాచడం కూడా కాదు. ప్రాజెక్టు రూపకల్పన, అమలు, పర్యవేక్షణ, మూల్యాంకనాలకు నేరుగా అయ్యే ఖర్చు ప్రాజెక్టు ఖర్చే. దాన్ని విడగొట్టి, ఏ పనికి ఎంతో రాయండి.

60 మంది మహిళలు, 30 మంది చొప్పున రెండు బ్యాచ్‌లు, ఒక్కో బ్యాచ్ నాలుగు నెలలు అనుకుందాం. ఉదయం 15 మంది, మధ్యాహ్నం 15 మంది వస్తే 15 మిషన్లు సరిపోతాయి. ఈ అంకెలు కేవలం నమూనా, మీ కొటేషన్ల ప్రకారం మార్చుకోండి:

మోటారు మిషన్లు 15, ఒక్కోటి 10,000 చొప్పున: 1,50,000
శిక్షకురాలి జీతం, 8 నెలలు, నెలకు 18,000: 1,44,000
గది అద్దె, 8 నెలలు, నెలకు 5,000: 40,000
గుడ్డ, దారం, కత్తెరలు, మనిషికి 1,500: 90,000
కరెంటు, మిషన్ల రిపేర్లు, నెలకు 2,000: 16,000
సమన్వయకర్త జీతంలో సగం వాటా, నెలకు 10,000: 80,000
పర్యవేక్షణ ప్రయాణాలు, నెలకు 3,000: 24,000
ఆడిట్, తుది నివేదిక: 20,000
మొత్తం: 5,64,000

మనిషికి 9,400. కంపెనీ మనిషి మొట్టమొదట వేసే భాగహారం ఇదే, కాబట్టి మీరే వేసి పెట్టండి. రెండో ఏడు మిషన్లు కొనక్కర్లేదు, అప్పుడు మనిషికి 6,900 అవుతుందని కూడా రాయండి. సమన్వయకర్త సగం జీతం అన్నప్పుడు మిగతా సగం ఏ ప్రాజెక్టు నుంచి వస్తుందో రాసి, నెలవారీ హాజరు పట్టీలో ఏ రోజు ఏ పనో నమోదు చేయించండి. ఒకే మనిషి జీతాన్ని రెండు కంపెనీలకు పూర్తిగా చూపించి పట్టుబడే సంస్థలు లేకపోలేదు.

ఇక్కడ రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి, మధ్యలో మానేసేవాళ్లు. 60 మంది చేరి 45 మందే పూర్తిచేస్తే మనిషికి ఖర్చు 12,500 దాటుతుంది. వరినాట్ల, పత్తి ఏరే నెలల్లో బ్యాచ్ పెడితే ఆ పరిస్థితి తప్పదు. పనులు తక్కువగా ఉండే నెలలు చూసి పెట్టండి, ప్రతిపాదనలో ఆ కారణం చెప్పండి. రెండోది, ‘60 మందికి శిక్షణ’ అని ఆపేయడం. ఇవాళ ఏ కమిటీ అయినా అడిగే ప్రశ్న, ఆరు నెలల తర్వాత ఎంతమంది సంపాదిస్తున్నారు, నెలకు ఎంత అని. ఆర్డర్లు ఎక్కణ్నుంచి వస్తాయో చెప్పండి. తెలంగాణలో స్కూలు యూనిఫాంల కుట్టు పని మహిళా సంఘాలకు ఇస్తున్నారు. స్థానిక సమాఖ్యతో మాట్లాడి ఒక లేఖ జతచేస్తే మీ ప్రతిపాదన బలం రెండింతలవుతుంది.

జీఎస్టీ విషయం కూడా ఇక్కడే. మీ సంస్థకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే మిషన్ల మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. కొటేషన్‌లో ‘పన్నులు అదనం’ అని ఉంటే ఆ అదనాన్ని కలిపిన ధరే బడ్జెట్‌లో వేయండి. లేదంటే 15 మిషన్ల సొమ్ముతో అంతకన్నా తక్కువ కొని, కంపెనీకి సంజాయిషీ రాసుకోవాల్సి వస్తుంది.

ప్రతిపాదన ఆరు పేజీలు దాటనివ్వకండి. మొదటి పేజీలో ఏ ఊళ్లు, ఎంతమంది, ఎంత సొమ్ము, ఎన్ని నెలలు, చట్టంలోని ఏడో షెడ్యూల్‌లో (సీఎస్‌ఆర్ కింద చేయదగిన పనుల జాబితా) ఏ అంశం కిందికి వస్తుందో రాయండి. మీ కుట్టు శిక్షణ రెండో అంశంలోని వృత్తి నైపుణ్యాలు, జీవనోపాధి కిందికి వస్తుంది. సంస్థ స్థాపకుల జీవిత చరిత్ర, సన్మానాల ఫోటోలు తీసేయండి. వాటిని ఎవరూ చదవరు.

మా ఊళ్లో ఫ్లోరైడ్ సమస్య. ఆర్వో ప్లాంటు అడిగితే ‘ఆస్తి ఎవరి పేరు మీద ఉంటుంది, తర్వాత ఎవరు నడుపుతారు’ అని అడిగారు. (కనిగిరి ప్రాంతం)

సరైన ప్రశ్నలే అడిగారు. సీఎస్‌ఆర్ సొమ్ముతో ఏర్పడిన ఆస్తిని కంపెనీ తన పేర పెట్టుకోకూడదు. సీఎస్‌ఆర్ నంబరున్న సంస్థ పేరు మీదో, లబ్ధిదారుల స్వయం సహాయక సంఘం లాంటి సమూహం పేరు మీదో, పంచాయతీ లాంటి ప్రభుత్వ అధికార సంస్థ పేరు మీదో ఉండాలి. ప్లాంటుకు పంచాయతీ మేలు. స్థలం ఎలాగూ పంచాయతీది, కరెంటు కనెక్షన్ కూడా వాళ్ల పేరు మీదే సులువు.

ప్రతిపాదనతో గ్రామ పంచాయతీ తీర్మానం, స్థలం వివరాలు, గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో చేయించిన బోరు నీటి పరీక్ష ఉండాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేకపోతే 1.5 వరకు. మీ బోరులో ఎంతుందో అంకె రాయండి. ‘ఫ్లోరైడ్ ఎక్కువ’ అనే మాట కంటే ఆ ఒక్క అంకె గట్టిగా మాట్లాడుతుంది.

తర్వాత నిర్వహణ లెక్క. 200 కుటుంబాలు రోజూ ఒక 20 లీటర్ల క్యాను 5 రూపాయలకు తీసుకుంటే నెలకు 30,000 వస్తుంది. ఆపరేటరు 10,000, కరెంటు 6,000, ఫిల్టర్లు, రసాయనాలు 5,000, మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) మార్పు కోసం పక్కన పెట్టేది 5,000, మొత్తం 26,000. నడుస్తుంది. అదే 120 కుటుంబాలే కొంటే 18,000 వస్తుంది, నెలకు 8,000 లోటు. లోటు రాగానే ఊళ్లలో మొదట ఆపేది మెంబ్రేన్ పొదుపు, తర్వాత స్కేలు పట్టకుండా వేసే రసాయనం. అది ఆపితే రెండు మూడేళ్లు రావాల్సిన మెంబ్రేన్ ముందే పూడిపోతుంది, ప్లాంటుకు తాళం పడుతుంది. అలాంటి తాళాలు చూసీ చూసీ కంపెనీలు వాటర్ ప్లాంటు అంటేనే వెనకాడుతున్నాయి. ఎన్ని కుటుంబాలు కొంటామన్నాయో సంతకాలతో సర్వే జతచేయండి.

వదిలేసే నీటి సంగతి కూడా రాయండి. ఆర్వోలో పోసిన నీటిలో సగం దాకా వ్యర్థంగా బయటికి పోవచ్చు, ఫ్లోరైడంతా అందులోనే చిక్కబడుతుంది. దాన్ని బోరు పక్కనే గుంటలోకి వదలడం కొరివితో తల గోక్కోవడమే.

గుడి మండపం కట్టడానికి, అన్నదానానికి సీఎస్‌ఆర్ వస్తుందా? (మంచిర్యాల)

మండపానికి రాదు. మత కార్యక్రమాలు ఏడో షెడ్యూల్‌లో లేవు. చారిత్రక ప్రాధాన్యం ఉన్న పాత కట్టడం పునరుద్ధరణ అయితే వారసత్వ పరిరక్షణ అంశం కిందికి రావొచ్చు. ఆకలి నిర్మూలన కింద అన్నం పెట్టడం కుదురుతుంది గానీ, అది మతంతో సంబంధం లేకుండా అందరికీ ఉండాలి, మీ ట్రస్టుకు 80జీ ఉండాలి. ఆదాయంలో 5 శాతానికి మించి మతపరమైన పనులకు ఖర్చు పెట్టే ట్రస్టుకు 80జీ నిలవదని గుర్తుంచుకోండి.

హైదరాబాద్‌లో ఉన్న అమెరికా కంపెనీ ఇస్తామంటోంది. మాకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్) లేదు. తీసుకోవచ్చా? అమెరికాలో ఉన్న మా ఊరివాళ్లు కూడా పంపుతామంటున్నారు. (కరీంనగర్)

ఇస్తున్నది ఎవరో చూడండి. ఇక్కడ రిజిస్టరైన భారతీయ అనుబంధ కంపెనీ తన సీఎస్‌ఆర్ ఖాతా నుంచి ఇస్తుంటే, ఆ రంగంలో విదేశీ పెట్టుబడికి ఉన్న పరిమితి లోపలే దాని విదేశీ వాటా ఉంటే, ఆ కంపెనీ ‘విదేశీ మూలం’ కిందికి రాదు. 2016 ఫైనాన్స్ చట్టంతో ఈ సవరణ వచ్చింది. మాటతో సరిపెట్టుకోకుండా, తాము విదేశీ మూలం కాదని కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించుకుని ఫైలులో పెట్టుకోండి.

అదే అమెరికాలోని మాతృ సంస్థ గానీ, దాని ఫౌండేషన్ గానీ నేరుగా పంపితే ఎఫ్‌సీఆర్ఏ తప్పనిసరి. ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే ఆ సొమ్ము రావాలి. ఉద్యోగులు ఇచ్చినదానికి కంపెనీ అంతే మొత్తం జోడించే పథకాల్లో జాగ్రత్త. ఇక్కడి ఉద్యోగి ఇచ్చినా జోడించే సగం విదేశం నుంచి రావొచ్చు.

మీ ఊరివాళ్ల విషయంలో పాస్‌పోర్టు చూడాలి. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. పాస్‌పోర్టు నకలు తీసుకోకుండా రశీదు ఇవ్వకండి.

ఒకాయన వచ్చి కోటి రూపాయల సీఎస్‌ఆర్ ఇప్పిస్తానంటున్నాడు. 70 లక్షలు నగదుగా తిరిగి ఇవ్వాలట. ఇంకొకాయన ముందు రిజిస్ట్రేషన్ ఫీజు 50 వేలు అంటున్నాడు. (విజయవాడ)

రెండోది మోసం. అడిగిన సొమ్ము తీసుకుని మాయమవుతాడు. మొదటిది నేరం. ఖర్చు కాని సొమ్ముకు దొంగ బిల్లులు పెట్టి, నగదు తిరిగి ఇచ్చి, వినియోగ పత్రం (సొమ్ము దేనికి వాడారో చెప్పే ధ్రువపత్రం) మీద సంతకం చేసేది మీరు. పట్టుబడితే మీ 12ఏ, 80జీ రద్దవుతాయి, కేసులో మీ కార్యదర్శి పేరుంటుంది. ఆ మధ్యవర్తి పేరు ఏ కాగితం మీదా ఉండదు. నిజమైన కంపెనీ మీ సీఎస్‌ఆర్ నంబరు అడుగుతుంది, ఆఫీసు చూడటానికి మనిషిని పంపుతుంది, ఒప్పందం రాసుకుంటుంది, తర్వాతే బ్యాంకు ద్వారా విడతలుగా ఇస్తుంది.

కంపెనీ పేరు బోర్డు మీద రాస్తే జీఎస్టీ పడుతుందా? (నెల్లూరు)

కృతజ్ఞతగా ‘ఫలానా వారి సహకారంతో’ అని రాస్తే పడదు. 2019 అక్టోబరులో జీఎస్టీ సర్క్యులర్ ఈ సందేహం తీర్చింది. కంపెనీ సరుకును ప్రచారం చేసే ఫ్లెక్సీ అయితే అది ప్రకటన సేవ, పన్ను పడుతుంది. పైగా మార్కెటింగ్ లాభం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్‌ఆర్ లెక్కలోకే రాదు. ఒక్కరోజు మారథాన్లు, అవార్డుల కార్యక్రమాలు కూడా అంతే.

ఫిబ్రవరిలో 12 లక్షలు వచ్చాయి. మార్చి 31కి 5 లక్షలు మిగిలేలా ఉన్నాయి. సప్లయర్‌కు అడ్వాన్సు కట్టేసి ఖర్చు చూపించమంటున్నారు మా కోశాధికారి. (శ్రీకాకుళం)

వద్దు. మీ ఖాతాలో సొమ్ము వేసినంత మాత్రాన కంపెనీ ఖర్చు పెట్టినట్టు కాదు, మీరు వినియోగించినప్పుడే ఖర్చు. బోర్డు ముందు సొమ్ము సరిగా వాడారని కంపెనీ ఫైనాన్స్ అధిపతి ధ్రువీకరించాలి. వస్తువు రాని అడ్వాన్సును మీ వినియోగ పత్రంలో ఖర్చుగా చూపిస్తే ఆయన సంతకాన్ని మీరు అబద్ధం చేసినట్టు. వచ్చే ఏడు మీ పేరు ఆ కంపెనీ జాబితాలో ఉండదు.

మార్చి మొదటి వారంలోనే కంపెనీకి రాయండి: ఇంత ఖర్చయింది, ఇంత మిగులుతుంది, ఈ కారణం, ఈ తేదీకి పూర్తవుతుంది. బోర్డు మీ పనిని ‘కొనసాగే ప్రాజెక్టు’గా ఆమోదించి ఉంటే, మిగులును వాళ్లు ఏప్రిల్ 30 లోపు ప్రత్యేకమైన ఖర్చుకాని సీఎస్‌ఆర్ ఖాతాలోకి మార్చి, వచ్చే మూడు ఆర్థిక సంవత్సరాల్లో మీకే ఇవ్వొచ్చు. అలా ఆమోదించి ఉండకపోతే ఆ సొమ్ము సెప్టెంబరు 30 లోపు ఏడో షెడ్యూల్‌లోని ప్రధానమంత్రి సహాయ నిధి లాంటి నిధికి పోతుంది, మీకు తిరిగి రాదు. అందుకే జనవరి తర్వాత వచ్చే ఏ ఒప్పందంలోనైనా సంతకానికి ముందే ‘ఇది కొనసాగే ప్రాజెక్టుగా బోర్డు ఆమోదించిందా’ అని అడిగి, ఆ మాట ఒప్పందంలో రాయించుకోండి. ఫిబ్రవరిలో హడావుడిగా ఫోన్ చేసే కంపెనీల విషయంలో మరీ ముఖ్యం. ఆరు వారాల్లో ఖర్చు పెట్టగలిగిందే ఒప్పుకోండి. బడికి బల్లలు, ఆసుపత్రికి పరికరాలు అయితే సరే, భవనం అయితే వద్దు.

మిగతా లెక్కల సంగతి. ప్రాజెక్టుకు విడి బ్యాంకు ఖాతా పెట్టమని చట్టం చెప్పకపోయినా పెట్టండి, ఆడిట్ సగం పని తగ్గుతుంది. ఖాతాలో పడిన వడ్డీని కూడా ప్రాజెక్టుకే వాడి, నివేదికలో చూపించండి. ఒకరికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇవ్వకండి, పన్ను లెక్కలో అది ధార్మిక ఖర్చుగా నిలవదు. ప్రతి బిల్లూ సంస్థ పేరు మీద ఉండాలి, కార్యదర్శి సొంత పేరు మీద ఉన్న బిల్లు చెల్లదు. బిల్లు మీద ప్రాజెక్టు పేరు ముద్ర వేస్తే ఒకే బిల్లు రెండు చోట్ల చూపించారనే అనుమానం రాదు. వినియోగ పత్రం మీద చార్టర్డ్ అకౌంటెంట్ సంతకంతో పాటు యూడీఐఎన్ నంబరు (ఆ పత్రానికి అకౌంటెంట్ తీసుకునే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉందో లేదో చూసుకోండి. మార్చి 31న చేతిలో మిగిలిన సొమ్ము మీ సొంత ఆదాయపు పన్ను లెక్కలో కూడా మిగులే. దాన్ని వచ్చే ఏటికి పెట్టుకునే ఫారం గడువులోపు వేయమని ఆడిటర్‌కు ఇప్పుడే చెప్పండి. దాతల వివరాల వార్షిక నివేదిక, ఇన్నాళ్లూ 10బీడీగా పిలిచే ఫారం, మే 31 లోపు వేసి కంపెనీకి సర్టిఫికెట్ పంపండి. అది ఆలస్యమైతే మీ మీద రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది.